రెయిన్‌బో బోవా పెద్దయ్యాక ఎంత పొడవు పెరుగుతుంది, స్వభావం ఎలా ఉంటుంది?

ప్రశ్న (గుంటూరు, లక్ష్మీపురం)

అందరికీ నమస్కారం. ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి రెయిన్‌బో బోవా అనే పామును పెంచుకోవాలని కొంతకాలంగా పట్టుదలగా ఉన్నాడు. విజయవాడలో అక్వేరియం చేపలు, విదేశీ పక్షులు అమ్మే ఒక వ్యాపారి దగ్గర దాని పిల్లను చూసి వచ్చాడు. నారింజ ఎరుపు ఒంటి మీద నల్లని వలయాలు, వెలుతురు పడిన చోటల్లా నీలం, ఆకుపచ్చ మెరుపు. వాడు తీసిన ఫోటోలు చూశాక మనసు ఎందుకు పారేసుకున్నాడో నాకూ అర్థమైంది. అయితే ఆ వ్యాపారి చెప్పిన మూడు మాటలు నాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఈ పాము రెండడుగులకు మించి పెరగదని, ఎన్నడూ కరవదని, విదేశీ జాతి కాబట్టి కాగితాలేవీ అక్కర్లేదని ఆయన అన్నారట.

మా ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది, మా అత్తగారూ మాతోనే ఉంటారు. ఆవిడ నాగుల చవితికి పుట్ట దగ్గరకు వెళ్ళి భక్తితో పాలు పోసి వస్తారు గాని, పామును ఇంట్లో పెట్టుకోవడానికి ఇంకా మనసు ఒప్పుకోవడం లేదు. మేము పై అంతస్తులో ఉంటున్నాము, ఏసీ ఒక గదిలోనే ఉంది, ఎండాకాలంలో కరెంటు పోతూనే ఉంటుంది. మా వాడిని నిరుత్సాహపరచాలని కాదు, తెలియక తెచ్చి ఒక ప్రాణిని బాధపెట్టకూడదని అడుగుతున్నాను. పెంచిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం (విజయవాడ, పటమట)

నమస్కారమండీ. మా ఇంట్లో బ్రెజిలియన్ రెయిన్‌బో బోవా ఆడపాము ఉంది. పిల్లగా ఉన్నప్పటి నుంచీ నేనే చూసుకుంటున్నాను కాబట్టి పొడవు, స్వభావం గురించి చెబుతాను. కాగితాల సంగతి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.

రెయిన్‌బో బోవా పేరుతో పెంపకంలో ఎక్కువగా కనిపించేవి రెండు జాతులు. అమెజాన్ పరీవాహక ప్రాంతపు అడవులకు చెందిన బ్రెజిలియన్ రకం, అంటే ఎపిక్రేట్స్ సెంక్రియా, సాధారణంగా అయిదు నుంచి ఆరడుగుల వరకు పెరుగుతుంది. మగవాటికంటే ఆడవి పెద్దవి, వాటిలో కొన్ని ఆరడుగులు దాటుతాయి. కోస్టారికా, పనామా మొదలుకొని ఉత్తర కొలంబియా, వెనిజులా, ట్రినిడాడ్ వరకు ఉండే కొలంబియన్ రకం, అంటే ఎపిక్రేట్స్ మారస్, నాలుగు నుంచి అయిదడుగుల దగ్గర ఆగుతుంది. ఈ పాములు గుడ్లు పెట్టవు, పిల్లలనే కంటాయి, బ్రెజిలియన్ పిల్ల పుట్టేటప్పటికే అడుగు దాటి ఉంటుంది. కాబట్టి వ్యాపారి చెప్పిన రెండడుగులు పసితనపు కొలత మాత్రమే. తిండి సక్రమంగా అందితే మూడు నాలుగేళ్ళలో పెద్దపాము అవుతుంది, అప్పుడు దానికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న పెట్టె, దానికి గట్టి గొళ్ళెం అవసరమవుతాయి. సందు దొరికితే మూతను తలతో నెట్టుకుని బయటికి వచ్చేంత బలం దీనికి ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా బతుకుతుంది. చదువు ముగించి మీ అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వెళ్ళిపోతే దాన్ని ఎవరు చూసుకుంటారన్నది ఈరోజే మాట్లాడుకోవలసిన విషయం.

ఇక స్వభావం. ఎన్నడూ కరవని పాము లేదండీ. రెయిన్‌బో బోవా పిల్లలకు కరిచే గుణం కాస్త ఎక్కువనే పేరు కూడా ఉంది. అడవిలో ఆ వయసు పిల్లను పక్షులూ, చిన్న జంతువులూ, పెద్ద పాములూ అన్నీ తినేవే. పైనుంచి వచ్చే ప్రతి నీడా దానికి శత్రువుగానే కనిపిస్తుంది. అందువల్ల పైనుంచి చెయ్యి దించి పట్టుకోబోతే కాటు వేస్తుంది, పక్క నుంచి నెమ్మదిగా, నడుము భాగం కింద చెయ్యి పెట్టి ఎత్తితే చాలావరకు ఊరుకుంటుంది. విషం లేదు. వెనక్కి వంగిన సన్నని పళ్ళు కాబట్టి కరిచినప్పుడు కంగారుపడి చెయ్యి లాక్కుంటే చర్మం చీరుకుపోతుంది, పాము పళ్ళూ విరుగుతాయి. కదలకుండా ఉంటే అదే వదులుతుంది, వదలకపోతే చన్నీటి ధార కింద పెడితే సరిపోతుంది. తర్వాత సబ్బుతో కడుక్కుని మందు రాసుకోవాలి.

ఇంటికి తెచ్చాక మొదటి రెండు వారాలు తిండి, నీళ్ళు తప్ప దాని జోలికి పోకూడదు. ఆ తర్వాత వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి అయిదారు నిమిషాలు మాత్రమే చేతుల్లోకి తీసుకుంటూ ఉంటే, ఎక్కువ పాములు రెండేళ్ళు నిండేలోగా మనిషి చేతికి అలవాటుపడతాయి. మేత వేసిన రెండు రోజుల వరకు ముట్టుకుంటే మింగినది కక్కేస్తుంది. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలరంగుకు తిరుగుతాయి, ఆ రోజుల్లో చూపు సరిగ్గా ఆనదు కాబట్టి ఎంత సాధువైన పామైనా చిరాకుగా ఉంటుంది.

పెద్దయ్యాక దీని అసలు స్వభావం ఏమిటంటే సాధుత్వంతో పాటు చురుకుదనం. బాల్ పైథాన్ అనే పెంపుడు కొండచిలువ ఒళ్ళో ముడుచుకుని గంటసేపు ఉంటుంది, ఇది అలా ఉండదు. చేతుల మధ్య నుంచి భుజం మీదికి, అక్కడి నుంచి ఇంకెక్కడికో నిరంతరం పాకుతూనే ఉంటుంది. రాత్రిపూట తిరిగే జీవి. దాని పెదవుల అంచున వేడిని పసిగట్టే చిన్న గుంటలు ఉంటాయి కాబట్టి ఆకలి మీద ఉన్నప్పుడు మన వెచ్చని చేతిని కూడా ఎలుక అనుకునే ప్రమాదం ఉంది. పెట్టె తెరవగానే మొనలేని కొక్కెంతో ఒంటిని మెల్లగా తాకితే ఇది మేత వేళ కాదని దానికి అలవాటవుతుంది. ఈ ఒక్క పద్ధతి పాటించినా మేత వేళ పొరపాటున పడే కాట్లు చాలావరకు తప్పుతాయి.

సమాధానం (గుంటూరు, అరండల్‌పేట)

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే మన ఊళ్ళకు సంబంధించినంతవరకు స్వభావం కంటే ముందు ఆలోచించవలసింది ఎండ. ఈ పాముల పెంపకం మీద దొరికే రాతలు చాలావరకు చలి దేశాల్లోని వారు రాసినవి కాబట్టి, వాటిలో పెట్టెను ఎలా వెచ్చబరచాలో పేజీల కొద్దీ ఉంటుంది, ఎలా చల్లబరచాలో రెండు వాక్యాలే ఉంటుంది. మనకు హీటు మ్యాట్, అంటే పెట్టెను వెచ్చబరిచే కరెంటు పరుపు, అవసరం డిసెంబరు, జనవరి రాత్రుల్లో కొద్ది వారాలు మాత్రమే. అప్పుడు కూడా వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా దాన్ని వాడకూడదు.

రెయిన్‌బో బోవాకు పగలు 26 నుంచి 29 డిగ్రీలు సరిపోతుంది. పెట్టెలో ఒక మూల కాస్త ఎక్కువ వెచ్చగా ఉండవచ్చు గాని, పెట్టె అంతా 32 డిగ్రీలు దాటి గంటల తరబడి ఉంటే ప్రాణాపాయం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే నెలలో విజయవాడ, గుంటూరుల్లో 45 డిగ్రీలు నమోదైన రోజులు ఉన్నాయి, కప్పు వేడెక్కిన పై అంతస్తు గది సాయంత్రం పొద్దుపోయేదాకా చల్లబడదు. ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతోంది కదా అని ధైర్యంగా ఉండకూడదు. ఫ్యాను గాలి మనకు హాయిగా అనిపించేది చెమట ఆరడం వల్ల, పాముకు చెమట పట్టదు. గది ఉష్ణోగ్రత ఎంతో దాని ఒంటి ఉష్ణోగ్రతా ఇంచుమించు అంతే.

మరి ఏసీ వేస్తే సరిపోతుందా అంటే అక్కడ రెండో చిక్కు వస్తుంది. బ్రెజిలియన్ రకానికి గాలిలో తేమ 75 నుంచి 90 శాతం మధ్య ఉండాలి, పిల్లలకు పై హద్దుకు దగ్గరగా ఉంటేనే మంచిది. ఏసీ ఆ తేమను లాగేస్తుంది, బయట పడమటి గాలి వీచే రోజుల్లోనైతే గాలి మరీ పొడిబారుతుంది. తేమ తగ్గితే కుబుసం ఒక్క తొడుగుగా ఊడిరాక ముక్కలు ముక్కలుగా అంటుకుపోతుంది, కళ్ళ మీది పొర అలాగే నిలిచిపోతుంది, సరిగ్గా కనిపించని పాము దగ్గరికి వచ్చిన ప్రతిదాని మీదికీ లేస్తుంది. మీరు అడిగిన స్వభావం ప్రశ్నకు ఇది కూడా జవాబే: కోపిష్టి పాము అని వదిలించుకోవాలని చూసేవాటిలో అసలు బాధ పొడిగాలో, వేడో అయినవి నేను చూశాను. కాబట్టి ఏసీ గదిలో ఉంచినా, మూతకు జాలీ కాకుండా పక్కలకు కొద్ది రంధ్రాలు మాత్రమే ఉన్న పెట్టె తీసుకుని, అడుగున కొబ్బరి పొట్టు మందంగా పరిచి, తడి నాచు నింపిన దాగుడు డబ్బా ఒకటి, పాము మొత్తం చుట్టుకుని పడుకోగలిగినంత నీళ్ళ తొట్టె ఒకటి ఉంచాలి. పొట్టు లోపల తడిగా ఉండాలి గాని పైపొర ముద్దముద్దగా నానకూడదు, నానితే కడుపు కింది పొలుసులు పుండ్లు పడతాయి. తేమ మీటరు, థర్మామీటరు ఊహకు వదలకుండా రెండు చివర్లా పెట్టండి.

కరెంటు పోయినప్పుడు నీళ్ళు గడ్డకట్టించిన సీసాలను గుడ్డలో చుట్టి పెట్టెకు ఆనించి పెట్టడం కొంతసేపు ఆదుకుంటుంది. గంటల తరబడి కరెంటు రాకపోతే అది చాలదు. ఏసీని నడపగల జనరేటరు మీ భవనానికి లేకపోతే ఈ పామును తేవద్దనే నేను చెబుతాను. ఎలాగైనా పెంచాలనుకుంటే కొలంబియన్ రకం చూడండి. పెద్దయ్యాక దాని వలయాలు చెరిగిపోయి ఒళ్ళు గోధుమ రంగుకు తిరిగినా మెరుపు ఉంటుంది, కాస్త తక్కువ తేమను ఓర్చుకుంటుంది, పొడవూ తక్కువే.

సమాధానం (విజయవాడ, సత్యనారాయణపురం)

కాగితాలు అక్కర్లేదన్న మాట పూర్తిగా తప్పు. బోవా కుటుంబంలోని పాములన్నీ అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ అనుబంధాల్లో ఉన్నాయి. కొన్ని మొదటి అనుబంధంలో ఉండగా, రెయిన్‌బో బోవా రెండో దానిలో ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, ఆ సవరణతో సైటిస్ జాతులు చట్టంలోని నాలుగో షెడ్యూలులో చేరాయి. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నిబంధనల ప్రకారం ఇటువంటి ప్రాణి ఎవరి దగ్గర ఉన్నా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్ ద్వారా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు తెలియజేసి నమోదు చేయించుకోవాలి. కొత్తగా తెచ్చుకున్నవారికి ముప్ఫై రోజుల గడువు ఉంది. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలియజేయవలసిందే.

అందుచేత ఆ వ్యాపారిని ముందు అడగవలసింది తన పేరు మీద ఉన్న నమోదు పత్రం, మీ పేరుకు బదిలీ చేసే కాగితం. ఇవ్వలేనంటే అక్కడితో మానుకోండి. రేపు అటవీ శాఖ వారు వచ్చి అడిగితే సమాధానం చెప్పుకోవలసింది ఇంటి యజమానిగా మీరే. మన పొలాల్లో దొరికే రెండు తలల పామునూ, కొండచిలువనూ చట్టం కాపాడుతోంది కాబట్టి, వాటిని చౌకగా ఇస్తామని ఎవరైనా అంటే అసలే వినవద్దు.

ప్రశ్న అడిగినవారు (గుంటూరు, లక్ష్మీపురం)

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇవన్నీ మా అబ్బాయి చేత చదివించాను. వాడు వ్యాపారికి ఫోను చేసి నమోదు పత్రం అడిగితే మాట దాటవేశారట, కాబట్టి అక్కడ కొనడం లేదు. జనరేటరు ఉన్న అపార్టుమెంటుకు మారే ఆలోచన మాకు ఎలాగూ ఉంది, అప్పటికీ వాడి ఇష్టం తగ్గకపోతే సక్రమంగా నమోదైనవారి దగ్గర చూస్తాము. అప్పుడు ఏ కాలంలో తెచ్చుకోవాలి, ఎంచుకునేటప్పుడు ఏమి గమనించాలి, ఇంట్లో చిన్నపిల్ల ఉన్నప్పుడు ఏ జాగ్రత్తలు పాటించాలి?

సమాధానం (విజయవాడ, పటమట)

మంచి నిర్ణయమండీ. వానలు తగ్గిన కార్తీక మాసం నాటికి తెచ్చుకుంటే ఎండలు ముదిరేలోగా పాము కొత్త చోటికి అలవాటుపడుతుంది, మీ అబ్బాయికీ తేమ నిలపడం చేతనవుతుంది. అప్పుడే పుట్టిన పిల్లను కాకుండా ఏడాది దాటినదాన్ని ఎంచుకోండి. వేడికీ పొడిగాలికీ పసిపిల్లలు చాలా త్వరగా నీరసిస్తాయి. మీ ఎదుట ఒకసారి మేత తినిపించమని అడగండి, మంచులో నిల్వ ఉంచి కరిగించిన ఎలుకను తినే పాము అయితే మీకు సగం శ్రమ తగ్గుతుంది. మేత పాము ఒంటి లావును మించకూడదు. పిల్లకు వారం పది రోజులకు ఒకసారి, పెద్దదానికి రెండు మూడు వారాలకు ఒకసారి చాలు. నోటి అంచున నురగ, ఊపిరిలో గురగుర, పొలుసుల మధ్య నల్లని చుక్కల్లా కదిలే పురుగులు కనిపిస్తే తీసుకోవద్దు. మెరుపును చూసి మాత్రం ఎంచుకోకండి. అది ఒంటి రంగు కాదు, పొలుసుల పైపొరలోని సూక్ష్మ నిర్మాణం వెలుతురును విడదీయడం వల్ల వచ్చేది. కుబుసం విడిచిన వెంటనే ప్రతి రెయిన్‌బో బోవా కళ్ళు చెదిరేలా ఉంటుంది.

పాప పెద్దవాళ్ళు లేకుండా పెట్టె తెరవకూడదు, పామును ముఖానికి దగ్గరగా తీసుకోకూడదు. సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, దాని తొట్టెను వంటింటి సింకులో తోమకూడదు. పెట్టెకు తాళం వేసి తాళంచెవి మీ అబ్బాయి దగ్గరే ఉంచితే మీ అత్తగారికీ నిశ్చింతగా ఉంటుంది. ఇంకొక్క పని మిగిలింది: పాములకు వైద్యం చేసే డాక్టర్లు మన దగ్గర అందరికీ అందుబాటులో ఉండరు, కాబట్టి గన్నవరం పశువైద్య కళాశాలలో గాని, మీకు దగ్గరలోని పెంపుడు జంతువుల ఆసుపత్రిలో గాని సరీసృపాలను చూస్తారా లేదా అన్నది పాము ఇంటికి రాకముందే కనుక్కుని పెట్టుకోండి.