ఆలిస్, ఓజ్ కథల వెనక నల్లమందు: ఎంత నిజం, ఎంత పుకారు?

కథాన్వేషి అడిగిన ప్రశ్న (కింద జవాబుల మీద ఉన్నవి వాటిని రాసినవారి కలం పేర్లు)

‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ నల్లమందు మత్తులో పుట్టిందనీ, ‘ఓజ్’ కథలో గసగసాల పొలం కూడా ఆ బాపతేననీ ఎక్కడ చూసినా రాస్తున్నారు. పిల్లల ఫాంటసీ సాహిత్యం మీద తయారవుతున్న వ్యాసంలో ఈ మాట పెట్టాలా వద్దా అన్నది తేలడం లేదు. ఆలిస్ రచయిత లూయిస్ కరోల్ నల్లమందు వాడినట్టు ఆయన కాగితాల్లో ఎక్కడైనా ఉందా? గొంగళిపురుగు పీల్చే హుక్కాను, ఆలిస్‌ను పెంచి కుదించే పుట్టగొడుగును నల్లమందుకు గుర్తులుగా తీసుకోవచ్చా? అన్నిటికన్నా ముఖ్యం, మనిషిలో లేని ఊహను నల్లమందు తెచ్చిపెట్టగలదా? దీనికి అందరూ ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్ రాసిన ‘కుబ్లా ఖాన్’ కవితనే సాక్ష్యంగా చూపిస్తున్నారు. తేదీలతో, వివరాలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

రాతప్రతి

కరోల్ సంగతి వరకు చెబుతాను. మిగిలిన డైరీల్లో ఆయన నల్లమందు వాడకానికి ఆధారం లేదు. మొత్తం 13 డైరీ పుస్తకాల్లో 4 పోయాయి. ‘పోయినవాటిలోనే ఆ రహస్యం ఉంది’ అని కొందరు వాదిస్తారు. పోయిన భాగంలో 1858 నుంచి 1862 మే మొదటి వారం దాకా ఉన్న కాలం ఉంది. కథ పుట్టిన రోజు మాత్రం 1862 జూలై 4. ఆ రోజు డైరీ భద్రంగా ఉంది. ఆక్స్‌ఫర్డ్ నుంచి గాడ్‌స్టో దాకా పడవ ప్రయాణం, తోడు డక్‌వర్త్ అనే మిత్రుడు, 13, 10, 8 ఏళ్ల లిడెల్ అక్కచెల్లెళ్లు ముగ్గురు. పట్టపగలు, తెడ్డు వేస్తూ, మధ్యమధ్య పిల్లలు అడ్డు తగులుతుంటే నోటితో అల్లిన కథ అది.

డైరీ కన్నా గట్టి సాక్ష్యం రాతప్రతి. 1864 నవంబరులో ఆ అక్కచెల్లెళ్లలో ఒకరైన ఆలిస్ లిడెల్‌కు కానుకగా ఇచ్చిన చేతిరాత పుస్తకాన్ని 1865 అచ్చుప్రతి పక్కన పెట్టి చూడండి. చెషైర్ పిల్లి, మిరియాల వంటింట్లో పందిపిల్లగా మారిన పాప, పిచ్చి టీ విందు – ‘మత్తులో తప్ప రాయలేరు’ అని జనం చూపించే ఘట్టాలు దాదాపు అన్నీ రాతప్రతిలో లేవు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని, కథను పెంచుతూ చేర్చినవి. ఒక్క ఊపులో వచ్చిపడిన కల అయితే ముందు అవే ఉండాలి కదా.

పుట్టగొడుగు సంగతి ఇంకా ముచ్చటైనది. రాతప్రతిలో దాని గొడుగు తింటే పెరుగుతారు, కాడ తింటే తగ్గుతారు. అచ్చులో అది ‘ఒక పక్క’, ‘ఇంకో పక్క’గా మారింది. గుండ్రటి వస్తువుకు రెండు పక్కలు ఎక్కడివని ఆలిస్ తల పట్టుకుంటుంది, చివరికి రెండు చేతులూ చాచి అందినంత మేర అంచులు తుంచుకుంటుంది. ఇది లెక్కల మాస్టారి చమత్కారం. కరోల్ క్రైస్ట్ చర్చ్ కళాశాలలో గణితం చెప్పేవాడని మరిచిపోకూడదు.

హుక్కా మాత్రం రాతప్రతిలో కూడా ఉంది. అయితే ఆ హుక్కా పీల్చే గొంగళిపురుగు ఆలిస్ చేత అప్పజెప్పించే పద్యం రాబర్ట్ సదీ అనే కవి రాసిన నీతిపద్యానికి పేరడీ. మూలంలోని ఛందస్సు, ప్రాస చెడకుండా అర్థాన్ని మాత్రం తలకిందులు చేయడానికి బుర్ర ఎంతో చురుగ్గా ఉండాలి. సదీ, కోల్‌రిడ్జ్ తోడల్లుళ్లు కావడం ఇక్కడ కాకతాళీయమే, కానీ గుర్తుంచుకోదగ్గదే.

ఆలిస్ పెరగడానికీ తగ్గడానికీ కరోల్ మైగ్రేన్ తలనొప్పే మూలమన్న వాదం గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. వస్తువులు, ఒళ్లు ఉన్నదానికన్నా పెద్దవిగానో చిన్నవిగానో తోచే లక్షణానికి 1955లో టాడ్ అనే వైద్యుడు ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్ సిండ్రోమ్’ అని పేరు పెట్టాడు. పుస్తకం చూసి జబ్బుకు పేరు పెట్టారు, అంతేగానీ జబ్బు చూసి పుస్తకం రాయలేదు. కంటిముందు కోట గోడలా గీతలు కదిలే మైగ్రేన్ ప్రస్తావనలు కరోల్ డైరీల్లో వచ్చేది 1880లలో, అంటే ఆలిస్ అచ్చయ్యాక చాలా ఏళ్లకు.

టింక్చర్

రాతప్రతి గారి మాటలకు మందు వైపు నుంచి కొంత చేరుస్తాను, ఎందుకంటే ఈ చర్చల్లో మూడు వేర్వేరు పదార్థాలను ఒకే గంపలో వేస్తున్నారు.

విక్టోరియా కాలపు ఇంగ్లండులో నల్లమందును ఎక్కువగా మింగేవారు. ఆల్కహాల్‌లో కరిగించిన లాడనం, మాత్రలు, దగ్గుమందులు. లాడనంలో సుమారు పదో వంతు నల్లమందు, ఆ నల్లమందులో మళ్లీ సుమారు పదో వంతు మార్ఫిన్ అనే మత్తు పదార్థం. పీల్చడం లండన్ ఓడరేవు పేటల్లో కొద్దిమందికే పరిమితం. పైగా పీల్చడానికి వండిన నల్లమందును హుక్కాలో పొగాకులా నిప్పు కింద కాల్చరు. పొడవాటి గొట్టానికి ఉన్న బుడిపె సన్నని రంధ్రం మీద చిన్న ఉండ అతికించి, పక్కకు ఒరిగి పడుకుని, నూనె దీపం సెగ మీద ఆవిరి చేసి పీలుస్తారు. పుట్టగొడుగు మీద చేతులు కట్టుకుని నిటారుగా కూర్చుని, తీరిగ్గా పొగ వదిలే గొంగళిపురుగు ఆ బొమ్మకు ఏ కోశానా సరిపోదు. అప్పటి ఆంగ్ల పాఠకుడికి హుక్కా అంటే తూర్పు దేశాల పొగాకు దర్జా.

పుట్టగొడుగు అసలు ఓపియేటే (నల్లమందు జాతి మందే) కాదు. తెల్ల చుక్కల ఎర్ర పుట్టగొడుగులో పనిచేసేది మసిమాల్, ఐబోటెనిక్ ఆమ్లం. దాన్ని తిన్నవారికి వస్తువుల పరిమాణం తప్పుగా తోస్తుందని 1860లో ఎం. సి. కుక్ మత్తు పదార్థాల మీద రాసిన పుస్తకంలో ఉంది. కరోల్ దాన్ని చదివి ఉండవచ్చని కొందరి ఊహ. చదివినా, చదవడం వేరు, తినడం వేరు. ఇక లేనివి చూపించే మందు ఎల్‌ఎస్‌డీ 1938లో గాని తయారు కాలేదు. 1960ల చివర రాక్ పాటలు ఆలిస్‌ను తమ కథగా చేసుకున్నాక ఈ మూడూ కలగాపులగం అయ్యాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మార్ఫిన్ ప్రధానంగా నొప్పిని, ఆందోళనను అణుస్తుంది, మగత తెస్తుంది, కంటిపాపను కుంచింపజేస్తుంది, మలబద్ధకం చేస్తుంది. కళ్లు తెరిచి ఉండగా లేని లోకాన్ని చూపించడం దాని మామూలు పని కాదు. అది ఇచ్చేది నిద్రకీ మెలకువకీ మధ్య తేలే స్థితి. ఆ స్థితిలో బొమ్మలు వస్తాయి, కానీ అవి ఆ మనిషి చదివినవాటి నుంచి, బతికినదాని నుంచే వస్తాయి. తన నల్లమందు అలవాటు గురించి తానే రాసుకున్న ఆంగ్ల రచయిత డి క్విన్సీ ఇది 1821లోనే తేల్చేశాడు: ఎద్దుల గొడవ తప్ప వేరే ఎరగనివాడు నల్లమందు తింటే వాడికి ఎద్దులే కలలోకి వస్తాయని ఆయన భావం. ఈ సాహిత్యం మొత్తంలో దీన్ని మించిన జవాబు దొరకదు.

ఆయన లెక్కలు కూడా చూడాలి. 25 చుక్కల లాడనం ఒక గ్రెయిన్ నల్లమందుకు సమానమని లెక్కగట్టి, రోజుకు 320 గ్రెయిన్ల దాకా, అంటే 8,000 చుక్కల దాకా వెళ్లానని రాశాడు. గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. రోజుకు 20 గ్రాములు పైమాటే. అలవాటు లేనివాడు అందులో చిన్న భాగానికే ఊపిరి ఆగి చనిపోతాడు. ఒళ్లు అలవాటుపడేకొద్దీ మోతాదు పెరుగుతుంది, సుఖం తరుగుతుంది. ఓపియేట్లు కలలొచ్చే నిద్ర దశను అణిచిపెడతాయి. మోతాదు తగ్గినప్పుడు ఆ దశ ఉప్పెనలా తిరిగొస్తుంది. మానే ప్రయత్నాల్లో పీడకలలు ముమ్మరించడానికి ఇదో కారణం. కలలు చిక్కబడే వేళకు కలం పట్టే శక్తి సన్నగిల్లుతుంది.

కుబ్లా ఖాన్ విషయంలో రెండు సాక్ష్యాలున్నాయి, రెండూ కోల్‌రిడ్జ్‌వే, రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. 1816 ముందుమాటలో నొప్పి తగ్గించే మందు తీసుకుని మూడు గంటలు గాఢనిద్రలో ఉన్నానన్నాడు. చేతిరాత ప్రతి చివర మాత్రం విరేచనాలు ఆపడానికి రెండు గ్రెయిన్ల నల్లమందు తీసుకుంటే వచ్చిన ఒక తరహా పగటికల అన్నాడు. రెండు గ్రెయిన్లంటే 130 మిల్లీగ్రాములు, మార్ఫిన్ లెక్కలో 13 మిల్లీగ్రాముల చిల్లర. వైద్యానికి సరిపోయే మోతాదు, అద్భుతాలకు కాదు. నిద్రకు ముందు చదువుతున్నది పర్చస్ యాత్రా గ్రంథంలో కుబ్లా మహల్ వర్ణన అని ఆయనే చెప్పాడు. ఎద్దుల వ్యాపారికి ఎద్దులు, కోల్‌రిడ్జ్‌కు కుబ్లా.

కథాన్వేషి

చాలా ఉపయోగపడింది. ఓజ్ గసగసాల పొలం, క్రిస్టినా రొసెటి కావ్యం ‘గాబ్లిన్ మార్కెట్’ మిగిలాయి. రెండోది క్రిస్టినా వదిన ఎలిజబెత్ సిడాల్ లాడనంతో చనిపోయిన దుఃఖంలో రాసిందని ఒకచోట చదివాను.

గసగసాల పొలం

రెండోదానికి తేదీలు చాలు. సిడాల్ మరణం 1862 ఫిబ్రవరి 11. ఆ కావ్యం రాసింది 1859 ఏప్రిల్‌లో. అచ్చయింది మాత్రం 1862లో, అందుకే ఈ పొరపాటు. ఒకసారి తిన్న పండు కోసం అలమటించి కృశించిపోయే లారాలో వ్యసనపు లక్షణాలు చదవడం తప్పేమీ కాదు, ఆ చదువు బలమైనదే. ఆ చావుకు ముడిపెట్టడం మాత్రం కుదరదు.

ఓజ్‌కు వద్దాం. 1900లో వచ్చిన పుస్తకాన్నీ, 1939 సినిమానూ కలిపేయకండి. సినిమాలో మంత్రగత్తె ఆ పొలాన్ని ఉచ్చుగా పన్నుతుంది, మంచు కురిసి మత్తు విడుస్తుంది. పుస్తకంలో మంత్రగత్తె ప్రమేయం లేదు, మంచూ లేదు. పూల వాసన ఎక్కువసేపు పీల్చినవాళ్లు నిద్రలోకి జారి, అక్కడినుంచి బయటకు తీసుకెళ్లకపోతే ఇక లేవరు. రక్తమాంసాలు లేని దిష్టిబొమ్మకీ రేకు మనిషికీ ఆ వాసన అంటదు. వాళ్లిద్దరూ చేతులు కలిపి కుర్చీలా చేసి డొరొతీని మోసుకుపోతారు. సింహం బరువు వాళ్ల వల్ల కాదు. రేకు మనిషి చెట్లు కొట్టి బండి చేస్తే వేలాది పొలం ఎలుకలు తాళ్లతో దాన్ని లాగుతాయి. ఓజ్ రచయిత బామ్‌కు ఆ పూలతో ఉన్న పని ఇదే: మెదడు లేదనుకునేవాడూ, గుండె లేదనుకునేవాడూ బుద్ధినీ దయనూ చేతల్లో చూపించాలి, అందుకు మిగతావాళ్లంతా నిద్రపోవాలి. ఇది కథ నడిపే ఉపాయం. మత్తులో మనసుకు ఏం కనిపిస్తుందో ఒక్క వాక్యం కూడా అందులో లేదు, డొరొతీ కల కూడా కనదు.

వృక్షశాస్త్రం ప్రకారం కూడా ఆ పొలం కల్పితం. మార్ఫిన్ ఉండేది పచ్చి కాయకు గాటు పెడితే కారే పాలలో. అది గాలిలోకి ఆవిరై వ్యాపించే పదార్థం కాదు. పూల మధ్య ఎంతసేపు పడుకున్నా నల్లమందు నిద్ర రాదు. పైగా పంటచేలలో పెరిగే మామూలు ఎర్ర గసగసాల పూల మొక్క నల్లమందు మొక్క కాదు, అందులో మార్ఫిన్ లేదు. గసగసాల పువ్వును నిద్రతో ముడిపెట్టడం గ్రీకు, రోమన్ కాలం నుంచీ ఉన్న ఆనవాయితీ. బామ్ దాన్నే తీసుకున్నాడు.

సీసా మీది చీటీ

అందరూ వదిలేసిన చోటు ఒకటుంది. ఆలిస్‌లో మందుల చరిత్ర నిజంగా కనిపించేది హుక్కాలో కాదు, ‘నన్ను తాగు’ అన్న సీసాలో. తాగేముందు ఆలిస్ దానిమీద ‘విషం’ అని ఉందా లేదా అని వెతుకుతుంది, లేదు కాబట్టి తాగుతుంది. 1865లో ఆ చీటీ లేకపోవడం దేనికీ హామీ కాదు. 1851 చట్టం ఆర్సెనిక్‌కు మాత్రమే. నల్లమందు సీసా మీద పదార్థం పేరు, ‘విషం’ అన్న మాట, అమ్మినవారి పేరు, చిరునామా ఉండాలన్న నియమం 1868 ఫార్మసీ చట్టంతో వచ్చింది. అప్పుడు కూడా పేటెంట్ మందులు (సొంత పేరుతో అమ్మే రెడీమేడ్ మందులు) ఆ చట్టం నుంచి తప్పించుకున్నాయి. ‘గాడ్‌ఫ్రీస్ కార్డియల్’ అంటే బెల్లపు పాకం లాంటి తీపిలో నల్లమందు. ఏడ్చే పసివాళ్లకు పట్టేవారు. సీసా అడుగున మందు పేరుకుంటే చివరి చెంచాలో మోతాదు ఎక్కువై, నిద్రపోయిన పాప లేచేది కాదు. ఆకలి చచ్చి, పాలు తాగక చిక్కి చనిపోయిన పిల్లలూ ఎందరో. ఆ కాలపు పిల్లలకు నల్లమందు తెలిసింది ఊహాలోకానికి తాళంచెవిగా కాదు, నోరు మూయించే చెంచాగా. వ్యాసంలో దీనికి ఒక పేరా తప్పక ఇవ్వండి.

రాతప్రతి

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక్క మెలిక. నల్లమందు ప్రభావం పిల్లల ఫాంటసీలో సున్నా అనడం కూడా తొందరపాటే. అది రక్తం గుండా రాలేదు, పుస్తకాల గుండా వచ్చింది. 1800లో జర్మన్ కవి నొవాలిస్ రాత్రిని స్తుతిస్తూ రాసిన గీతాల్లో గసగసాల గోధుమరంగు రసం ప్రస్తావన ఉంది. నొవాలిస్‌ను అనువదించినవాడు ఫాంటసీ రచయిత జార్జ్ మెక్‌డొనాల్డ్. కలనే కథాచట్రంగా చేసుకుని 1858లో ‘ఫాంటాస్టీస్’ రాసిందీ ఆయనే. ఆలిస్ రాతప్రతిని ముందుగా చదివి, అచ్చు వేయమని కరోల్‌ను ప్రోత్సహించింది మెక్‌డొనాల్డ్ కుటుంబం. స్థలం ఉబ్బిపోవడం, ఒక రాత్రి యుగంలా సాగడం డి క్విన్సీ వచనంలో ఉన్నవే. అలా కల చెప్పే పద్ధతి ఆంగ్ల వచనంలో అప్పటికే స్థిరపడి ఉంది. 1968లో ఎలథియా హేటర్ రొమాంటిక్ రచయితల మీద రాసిన పుస్తకం కూడా, నల్లమందు ఊహను పుట్టించదు, ఉన్నదాన్నే ఒక రూపంలోకి గడ్డకట్టిస్తుందన్న వైపే మొగ్గుతుంది.

కాబట్టి వ్యాసంలో వాక్యం ఇలా ఉంటే ఎవరూ తప్పుపట్టలేరు: “కోల్‌రిడ్జ్, డి క్విన్సీ నల్లమందు వాడినట్టు వారి రాతలే చెబుతున్నాయి. కరోల్ వాడినట్టు ఆధారం లేదు. ఆ మొదటి ఇద్దరి కలల వచనం తర్వాతి పిల్లల ఫాంటసీకి ఒక చదువుగా అంది ఉండవచ్చు.” చివరి క్రియలో ఆ ‘ఉండవచ్చు’ను మాత్రం తీసేయకండి.