రోగితో ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు 'వాడతారు', 'వాడుతున్నారు', 'వాడాలి' వంటి క్రియలను ఎలా సరిచూసుకోవాలి?

ప్రశ్న: స్టాఫ్‌నర్సు, ఖమ్మం

అందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఆ తరువాత జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు పూర్తిచేసి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్‌నర్సుగా పనిచేస్తున్నాను. బ్రిటన్‌లో నర్సు ఉద్యోగానికి ప్రయత్నించాలన్న ఉద్దేశంతో ఓఈటీకి, అంటే వైద్యరంగంలో పనిచేసేవారికి పెట్టే ఇంగ్లీషు పరీక్షకు సిద్ధమవుతున్నాను. అందులో మాట్లాడే భాగం రోగితోనో, రోగి బంధువుతోనో జరిగే సంభాషణలా ఉంటుంది. ఒక్కొక్కటి సుమారు ఐదు నిమిషాల చొప్పున రెండు సన్నివేశాలు ఇస్తారు. జబ్బుల పేర్లు, మందుల పేర్లు నాకు ఇబ్బంది కావు. ఎప్పుడు ఆగినా క్రియ దగ్గరే ఆగిపోతున్నాను.

టెన్సుల పట్టిక అప్పజెప్పమంటే అప్పజెప్పగలను. కానీ 'ఈయన పదేళ్ళుగా షుగరు మాత్ర వాడుతున్నారు' అని చెప్పాలంటే 'టేక్స్' అనాలో, 'ఈజ్ టేకింగ్' అనాలో వెంటనే తేలదు. 'రేపు ఆపరేషన్ చేస్తారు' అన్న చిన్న మాటకే ఇంగ్లీషులో నాలుగు దారులు ఉన్నాయని పుస్తకం చెబుతుంది గాని, ఏ దారి ఎప్పుడో చెప్పదు. ఇక 'కెన్', 'మే', 'మస్ట్', 'షుడ్', 'హావ్ టు' అన్నవి చదివినప్పుడు వేరువేరుగా, మాట్లాడేటప్పుడు అన్నీ ఒకటిగా తోస్తున్నాయి. కోచింగ్ కేంద్రంలో ఖాళీలు పూరించే అభ్యాసాలు చేయిస్తున్నారు కాని, వాటిలో జాన్ బడికి వెళ్ళడం, మేరీ కేకు చేయడం తప్ప వార్డు కనబడదు. వార్డులో వాడే మాటలతోనే వీటిని అభ్యసించే పద్ధతి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, తెనాలి

అమ్మా, పట్టిక వచ్చినా మాట రాకపోవడానికి కారణం ఒక్కటే. పట్టిక ఇంగ్లీషు రూపాలను చూపుతుంది గాని, మీ నోట ముందుగా పుట్టే తెలుగు వాక్యంలో ఏ అర్థం దాగి ఉందో చూపదు. అందువల్ల నేను తెలుగు వైపు నుంచే మొదలుపెడతాను.

మనం బడిలో భూత, వర్తమాన, భవిష్యత్తులతో పాటు తద్ధర్మమనే నాలుగోదాన్ని కూడా చదువుకున్నాం. చిన్నయసూరి బాలవ్యాకరణంలోనూ తద్ధర్మానికి విడిగా చోటు ఉంది. 'పక్షులు ఎగురును', 'సూర్యుడు తూర్పున ఉదయించును' అన్నప్పుడు అది ఇప్పుడు జరుగుతున్న పనీ కాదు, రేపు జరగబోయే పనీ కాదు. స్వభావం, అలవాటు, నియమం. ఇంగ్లీషు సింపుల్ ప్రెజెంటు చేసే ముఖ్యమైన పని ఇదే. దానికి 'ప్రెజెంట్' అని పేరు పెట్టి మన పిల్లలను తికమకపెట్టారని నా అభిప్రాయం; 'తద్ధర్మం' అని చెప్పి ఉంటే సగం శ్రమ తగ్గేది. వాడుక భాషలో మాత్రం తద్ధర్మానికీ భవిష్యత్తుకూ ఒకే రూపం మిగిలింది. 'రోజూ వస్తాను', 'రేపు వస్తాను' అన్న రెండింటిలోనూ క్రియ ఒకటే. కాబట్టి నోరు తెరిచే ముందు ఆ వాక్యంలో 'మామూలుగా' అన్న మాట ఇముడుతుందో లేదో చూసుకోండి. 'మీరు సిగరెట్ తాగుతారా?' అన్న ప్రశ్నలో అది చక్కగా ఇముడుతుంది కనుక 'డు యు స్మోక్?' అనాలి. 'ఆర్ యు స్మోకింగ్?' అని ఊరికే అడిగితే, ఆయన మంచం మీద సిగరెట్ వెలిగించాడేమోనని మీరు కంగారుపడుతున్నట్లు వినబడుతుంది.

ఇక 'తున్నా' రూపం. ఇది మనవాళ్ళు అనుకునేదాని కన్నా విశాలమైనది. అందుకే ప్రతి 'తున్నా'కూ 'ఇంగ్' తగిలించకూడదు. మీ ఉదాహరణనే తీసుకుందాం. 'ఈయన షుగరు మాత్ర వాడుతున్నారు' అన్నంతవరకు 'హి టేక్స్', 'హి ఈజ్ టేకింగ్' రెండూ చెల్లుతాయి. మొదటిది నిత్యం వేసుకునే మందు అని చెబుతుంది, రెండోది ప్రస్తుతం సాగుతున్న చికిత్స అని చెబుతుంది. 'పదేళ్ళుగా' అన్న మాట చేరిన మరుక్షణం రెండూ పనికిరావు. ఎప్పుడో మొదలై ఇప్పటిదాకా సాగుతున్న పనిని ఇంగ్లీషు వేరే రూపంలో పెడుతుంది కనుక 'హి హాజ్ బీన్ టేకింగ్ ఇట్ ఫర్ టెన్ ఇయర్స్' అనాలి. మన భాషలో 'పదేళ్ళుగా' అన్న మాటే ఆ బరువంతా మోస్తుంది, క్రియ మారదు. ఇంగ్లీషులో క్రియ కూడా మారాలి.

'హావింగ్' గురించి ఒక మాట. 'హి ఈజ్ హావింగ్ డయాబిటిస్' అన్నది మన ఆసుపత్రుల్లో తరచుగా వినబడే వాక్యం. అది తప్పని చెప్పి ఊరుకునేవారు, 'హి ఈజ్ హావింగ్ ఎ సీజర్' ఎందుకు ఒప్పో చెప్పరు. తెలుగులో చెప్పి చూడండి. 'షుగరు ఉంది' అంటాం, 'ఫిట్స్ వస్తున్నాయి' అంటాం. 'ఉంది' అన్నచోట 'హాజ్', కళ్ళెదుట 'వస్తున్న'చోట 'ఈజ్ హావింగ్' అనుకుంటే ఈ విషయంలో చాలావరకు తప్పు రాదు. అలాగని తెలుగును అన్నిచోట్లా నమ్మరాదు. 'నాకు అర్థమవుతోంది' అన్నదానికి 'ఐ అండర్‌స్టాండ్' అనాలే గాని 'అండర్‌స్టాండింగ్' అనకూడదు. 'నా మాట వినిపిస్తోందా?' అన్నదానికైతే ఇంగ్లీషు ఏకంగా దారి మార్చి, 'కెన్ యు హియర్ మి?' అని సామర్థ్యం గురించి అడుగుతుంది. ఇటువంటివి కొద్దిగానే ఉంటాయి కనుక వాటిని అలాగే కంఠస్థం చేయడం మేలు.

ప్రథమ పురుష ఏకవచనంలో వచ్చే 'ఎస్' గురించి ఎక్కువ చెప్పను. 'తాగుతాను, తాగుతాడు, తాగుతుంది' అని కర్తను బట్టి క్రియను మార్చే మనకు ఆ ఒక్క అక్షరం కొత్త కాదు. ప్రశ్నలో 'డజ్' వచ్చినప్పుడు ఆ 'ఎస్' అందులోకి వెళ్ళిపోతుందని గుర్తుంటే చాలు.

భవిష్యత్తు విషయంలో మీరు నాలుగు దారులు అన్నారు. వాటిలో రెండింటికి తెలుగులో అచ్చమైన జోడీలు ఉన్నాయి. 'వర్షం పడబోతోంది' అంటాం కదా. ఆ 'బోతోంది' అన్నది 'పోవు' ధాతువు నుంచి వచ్చినదే. ఇంగ్లీషువాళ్ళ 'గోయింగ్ టు' కూడా వెళ్ళడం నుంచి వచ్చినదే. ముందే నిశ్చయించుకున్న పనికీ, లక్షణాలు కనబడుతున్న పరిణామానికీ ఇది సరిపోతుంది. రెండోది 'లే'. రోగి చలిగా ఉందన్నప్పుడు 'ఉండండి, దుప్పటి తెస్తానులెండి' అంటారు చూడండి, అప్పటికప్పుడు తీసుకున్న ఆ నిర్ణయమే 'ఐ విల్ గెట్ యు ఎ బ్లాంకెట్'. అక్కడ 'ఐ యామ్ గోయింగ్ టు' అంటే, ఆయన చలి సంగతి చెప్పకముందే మీరు దుప్పటి తెద్దామని అనుకున్నారన్న అర్థం వస్తుంది. మిగిలిన రెండు దారులు ఏర్పాటుకూ, వేళల పట్టికకూ సంబంధించినవి. ఒకరితో మాట్లాడి ఖాయం చేసుకున్నదైతే 'ది డాక్టర్ ఈజ్ సీయింగ్ యు ఎట్ ఫోర్' అంటారు. వేళ రాసిపెట్టి ఉన్నదైతే 'విజిటింగ్ అవర్స్ స్టార్ట్ ఎట్ త్రీ' అంటారు. 'మీ ఆపరేషన్ రేపు ఎనిమిదింటికి' అని మనం క్రియ లేకుండా చెప్పే మాటకు 'యువర్ ఆపరేషన్ ఈజ్ ఎట్ ఎయిట్ టుమారో' అంటే చాలు, 'విల్' అవసరమే లేదు.

జవాబు: ఇంగ్లండులో పనిచేస్తున్న నర్సు

మాస్టారు టెన్సుల గురించి చెప్పినదానికి నేను చేర్చవలసినది లేదు. మోడల్ వెర్బుల గురించి, అంటే మీరడిగిన 'కెన్', 'మస్ట్' వంటివాటి గురించి మాత్రం వార్డు అనుభవంతో కొంత చెబుతాను, సిస్టర్. (ఇక్కడ ఆ పిలుపు వార్డు బాధ్యత చూసే సీనియర్ నర్సు హోదాకు చెల్లుతుంది కాబట్టి, వచ్చాక అందరినీ అలా పిలవకండి.)

అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసినది 'మస్ట్ నాట్', 'డోంట్ హావ్ టు' అన్న రెండింటి తేడా. తెలుగులో 'తినకూడదు', 'తినక్కర్లేదు' అన్నవి ఎవరికీ కలిసిపోవు. ఇంగ్లీషులో మాత్రం 'మస్ట్', 'హావ్ టు' రెండూ 'తినాలి' అన్న అర్థానికే వస్తాయి కనుక, వాటికి వ్యతిరేకం చేర్చినా అర్థం ఒకటేనని మనవాళ్ళు భ్రమపడతారు. శస్త్రచికిత్సకు ముందు కడుపు ఖాళీగా ఉండవలసిన రోగితో 'యు డోంట్ హావ్ టు ఈట్' అంటే, ఇష్టమైతే తినవచ్చునని ఆయన అర్థం చేసుకుంటాడు. మత్తు ఇచ్చినప్పుడు కడుపులోనిది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంది కాబట్టే ఉపవాసం పెడతారని మీకు తెలుసు. అక్కడ 'యు మస్ట్ నాట్ ఈట్ ఎనీథింగ్' అని గట్టిగా చెప్పాలి.

అయితే నిషేధానికి తగిన ఆ గట్టితనం సలహాకు తగదు. 'మీరు కాస్త నడవాలండీ' అన్నప్పుడు మన 'అండీ' ఆ వాక్యాన్ని మెత్తబరుస్తుంది. 'యు మస్ట్ వాక్' అన్నప్పుడు మెత్తబరచేది ఏదీ లేదు కనుక అది ఆజ్ఞలా తగులుతుంది. ఇక్కడ 'యు షుడ్ ట్రై టు వాక్ ఎ లిటిల్' అనో, అవసరాన్ని బట్టి 'యు నీడ్ టు' అనో అంటారు. పని అడగడానికి 'కుడ్ యు' వాడతారు. 'కుడ్ యు రోల్ అప్ యువర్ స్లీవ్ ఫర్ మి?' అన్నది గతకాలం కాదు, మన 'కాస్త చొక్కా చెయ్యి పైకి మడుస్తారా?' అన్న మర్యాద. పక్షవాతం అనుమానంతో పరీక్షించేటప్పుడు 'కెన్ యు లిఫ్ట్ బోత్ ఆర్మ్స్?' అంటే మాత్రం అది నిజంగా సామర్థ్యాన్ని కనుక్కొనే ప్రశ్న, 'ఎత్తగలరా?' అని.

'వచ్చు' విషయంలో తెలుగే ఎక్కువ బరువు మోస్తోంది. 'నాకు ఈత వచ్చు', 'మీరు ఇంటికి వెళ్ళవచ్చు', 'మగతగా ఉండవచ్చు' అన్న మూడు వాక్యాల్లో సామర్థ్యం, అనుమతి, సంభావ్యత ఉన్నాయి. మొదటిది 'కెన్'. రెండోదానికి 'కెన్', 'మే' రెండూ నడుస్తాయి. మూడోదానికి, ఈ రోగికి అలా జరగవచ్చునని చెప్పేటప్పుడు 'యు మే ఫీల్ డ్రౌజీ' లేదా 'యు మైట్' అంటారు. ఆ మందు గుణం గురించి చెప్పేటప్పుడు 'దిస్ టాబ్లెట్ కెన్ మేక్ యు డ్రౌజీ' అంటారు. మాస్టారు చెప్పిన తద్ధర్మం ఇక్కడ కూడా పనికొస్తుంది. 'కెన్ ఏబుల్ టు' అన్న జంటను మాత్రం పూర్తిగా మరచిపోండి. రెండూ 'గల' అర్థాన్నే చెబుతాయి కనుక ఏదో ఒకటే ఉండాలి.

ఇంకొకటి. ఏ పని చేయబోయినా ముందుగా రోగికి చెప్పి, ఒప్పుకోలు తీసుకోవడం ఇక్కడ నిత్యం జరిగేది. 'ఐ యామ్ జస్ట్ గోయింగ్ టు చెక్ యువర్ బ్లడ్ ప్రెషర్, ఈజ్ దట్ ఆల్‌రైట్?' అన్న వాక్యాన్ని ఒక షిఫ్టులో ఎన్నిసార్లు అంటామో లెక్క ఉండదు. మీరు ఇప్పటినుంచే మీ ఆసుపత్రిలో బీపీ చూసే ప్రతిసారీ మనసులో ఆ వాక్యం అనుకోండి.

జవాబు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

పెద్దలు చెప్పిన పోలికలు బాగున్నాయి కాని, నాది కొంత భిన్నమైన అభిప్రాయం. ప్రతి వాక్యాన్నీ తెలుగులో తూచి, తరువాత ఇంగ్లీషులో పెడితే మాట నెమ్మదిస్తుంది. ఎదుటివారు జవాబు కోసం ఎదురుచూస్తున్నప్పుడు తద్ధర్మమా, వర్తమానమా అని ఆలోచించే వ్యవధి ఎక్కడుంటుంది? విదేశీ క్లయింట్లతో రోజూ ఫోనులో మాట్లాడే మా వంటివారు నేర్చుకున్నది వినడం ద్వారానే. నర్సు రోగితో మాట్లాడే వీడియోలు చూసి, ఒక్కో వాక్యాన్ని విన్నది విన్నట్టుగా పలికి, తన గొంతును రికార్డు చేసుకొని పోల్చుకోవడమే త్వరగా ఫలితమిస్తుందని నేను భావిస్తున్నాను.

జవాబు: విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, తెనాలి

మీరన్నది మాట్లాడే వేళకు వర్తిస్తుంది, అభ్యాసం చేసే వేళకు కాదు. తూకం ఇంట్లో, నోటుపుస్తకం ముందు జరగాలి, వార్డులో జరగకూడదు. విన్నదాన్ని పలకడం అవసరమే. కాని, వినని వాక్యం చెప్పవలసి వచ్చినప్పుడు ఆధారం ఉండాలి కదా. మీరు సూచించిన రికార్డింగు పద్ధతిని మాత్రం ఆమె తప్పక పాటించాలని నేనూ అంటాను.

ప్రశ్న అడిగినవారు: స్టాఫ్‌నర్సు, ఖమ్మం

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినదాన్ని బట్టి ఒక సన్నివేశం రాశాను, దయచేసి దిద్దండి. జ్వరంతో వచ్చిన రోగికి ఇంజెక్షన్ చేసే సందర్భం ఇది.

'హౌ లాంగ్ ఆర్ యు హావింగ్ దిస్ ఫీవర్? డు యు టేక్ ఎనీ టాబ్లెట్స్ ఎవ్రీ డే? ఐ యామ్ గోయింగ్ టు గివ్ యు యాన్ ఇంజెక్షన్. ఇట్ మే హర్ట్ ఎ లిటిల్. యు డోంట్ హావ్ టు లై డౌన్. వెన్ ది డాక్టర్ విల్ కమ్, ఐ విల్ టెల్ యు.'

జవాబు: విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, తెనాలి

నడిమి నాలుగు వాక్యాలను ముట్టుకోనక్కర్లేదు. చివరిదానిలో 'వెన్ ది డాక్టర్ కమ్స్' అని ఉండాలి. తెలుగులోనూ 'డాక్టరుగారు రాగానే చెబుతాను' అంటాం. 'రాగానే' అన్నదానిలో భవిష్యత్తు గుర్తు ఏదీ లేదు, ఆ పనంతా 'చెబుతాను' ఒక్కటే చేస్తుంది. 'వర్షం పడితే' అన్నచోట కూడా అంతే కనుక 'ఇఫ్' తరువాత కూడా 'విల్' పెట్టకండి.

మొదటి ప్రశ్నను 'హౌ లాంగ్ హావ్ యు హ్యాడ్ దిస్ ఫీవర్?' అని మార్చండి. జ్వరం ఇప్పటికీ ఉంది, ఎప్పుడో మొదలైంది. షుగరు మాత్ర వాక్యానికి ఇది చెల్లెలు. రోగి చెప్పే జవాబును డాక్టరుకు చేరవేసేటప్పుడు ఇంకొక జాగ్రత్త అవసరం. 'ఐదు రోజుల నుంచి', 'సోమవారం నుంచి' అన్న రెండు చోట్లా మనకు 'నుంచి' ఒక్కటే. ఇంగ్లీషులో వ్యవధికి 'ఫర్ ఫైవ్ డేస్', మొదలైన రోజుకు 'సిన్స్ మండే' అనాలి. ఇదే సన్నివేశాన్ని రోగి స్థానంలో రోగి కుమార్తెను ఉంచి, 'యు' ఉన్నచోట్ల 'హి' పెట్టి మరొకసారి రాసి పంపండి. 'డజ్', 'హాజ్' ఎక్కడెక్కడ రావాలో అప్పుడు చూద్దాం.