మోనోఫిలమెంట్ (పాదాల స్పర్శ చూసే నైలాన్ పోగు) లేని వార్డులో షుగర్ పేషెంట్ల పాదాలు ఎలా చూస్తున్నారు?

నమస్కారం. చిన్న ఊరి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పోయిన వారం జ్వరమని ఒక పెద్దాయన చేరారు, రైతు. దుప్పటి సర్దుతుంటే కుడి మడమ మీద నల్లటి చుక్క కనిపించింది. దగ్గరికెళ్లి చూస్తే తుమ్మ ముల్లు, చుట్టూ చీము. "ఎప్పుడు గుచ్చుకుందో తెలీదమ్మా, నొప్పే లేదు" అన్నారు. పదిహేనేళ్లుగా షుగర్ ఉందట. ఇన్నేళ్లలో ఆయన పాదాలు ఎవరూ చూడలేదట! ఆ మాట ఇంకా మనసులోనే ఉంది.

అప్పటినుంచి షుగర్ ఉన్న ప్రతి ఒక్కరి కాళ్లూ చూస్తున్నాను. మా దగ్గర 10 గ్రాముల మోనోఫిలమెంట్ లేదు. అందుకే ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ చేస్తున్నాను. కళ్లు మూసుకోమని చెప్పి, రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకడమే. ఆరు చోట్లలో రెండు తెలియకపోయినా స్పర్శ తగ్గినట్టు లెక్క. మీలో ఎవరైనా రోజూ ఇలా చేస్తున్నారా? అరికాలు బాగా మొద్దుబారిన రైతుల విషయంలో దీన్ని నమ్మొచ్చా?

ఐడబ్ల్యూజీడీఎఫ్ (షుగర్ వల్ల వచ్చే పాదాల సమస్యలపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం) 2023 మార్గదర్శకాల ప్రకారం స్పర్శ ఒక్కటే తగ్గినవాళ్లని 6 నుంచి 12 నెలలకోసారి, ఇదివరకు పుండు పడినవాళ్లని 1 నుంచి 3 నెలలకోసారి చూడాలి. డిశ్చార్జ్ అయ్యాక వాళ్లని మళ్లీ రప్పించడానికి రిజిస్టర్ ఎలా పెట్టారు?

అన్నిటికన్నా కష్టం, ఇంట్లోనూ చెప్పులు వేసుకోమంటే ఒప్పించడం. "గడప లోపల చెప్పులేంటమ్మా" అంటారు. ఇంట్లోకి విడిగా ఒక జత కొనుక్కోమంటున్నాను, వినేవాళ్లు తక్కువ. మీ పేషెంట్లు ఏ మాట చెబితే విన్నారో దయచేసి రాయండి.