కరువు కథలో నవ్వుకు చోటుందా?

అనంతపురం పాఠకుడు:
మా ఊళ్లో కథల గురించి మాట్లాడుకుంటుంటే ఒక పెద్దాయన గట్టిగానే అన్నారు. సీమ కథంటే కరువు, అప్పు, వలస. అందులో వ్యంగ్యం పెడితే బాధ పలచనైపోతుందని. ఇప్పుడు రాస్తున్న పిల్లలు అటే పోతున్నారని ఆయన దిగులు. నాదీ ఇంచుమించు అదే మాట. పంట పోయి బెంగళూరు బస్సెక్కిన మనిషి కథ చదువుతూ నవ్వితే ఇంక కోపం ఎక్కడ మిగులుతుంది?

తుగ్గలి నుంచి:
అన్నా, నేను ఒప్పుకోను. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి పక్కనే కదా. రాళ్లకు మొక్కేవాళ్లనూ, పిసినారులనూ ఆయన ఎగతాళి చేస్తే ఎవరి బాధా పలచన కాలేదు.

శనక్కాయకు వాతావరణ బీమా లెక్క ఎట్లుంటుందో చూడు. మన చేన్లో వాన పడిందా అని ఎవరూ రారు. ఆ ప్రాంతానికని పెట్టిన వర్షమాపకంలో ఎన్ని మిల్లీమీటర్లు పడితే అంతే లెక్క. ఒక మబ్బు అక్కడ కురిసి పోయిందంటే, దూరంగా ఎండిపోయిన చేనుకూ వాన పడినట్టే. దీన్ని ఏడుపుగా రాస్తే రైతు మీద జాలి పుడుతుంది. అదే లెక్కను ఆఫీసు భాషలోనే, ఒక్క విశేషణం కూడా చేర్చకుండా రాసి, పక్కన ఆ రైతును నిలబెడితే నవ్వొస్తుంది, వెంటనే ఆ నియమం మీద ఒళ్లు మండుతుంది. నాకు కావాల్సింది ఆ మంటే. జాలిపడిన పాఠకుడు పుస్తకం మూసి నిద్రపోతాడు.

మా జొన్నగిరి వైపు తొలకరి పడగానే ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి వజ్రాల కోసం చేన్లలో వెతుకుతారు. విత్తనం వేసే అదను కూడా అదే. వెతికేవాళ్ల ఆశను వెక్కిరించే కథ నాకొద్దు. సేద్యం కంటే రాయి దొరకడమే నమ్మకంగా కనిపించే పరిస్థితిని వెక్కిరించాలి.

కడప పాఠకురాలు:
నాకు భయం యాస దగ్గర. కథకుడేమో పత్రిక తెలుగులో చెప్తుంటాడు. పాత్ర నోరు తెరిచి "యాడికి పోతాండావు" అనగానే పాఠకుడు నవ్వాలి. అందులో నవ్వేందుకు ఏముంది? మా అమ్మ అట్లే మాట్లాడుతుంది. సినిమాల్లో మన మాటను కొడవలి పట్టినోడికో, కామెడీ వేషానికో ఇచ్చింది చాలదా? నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి చిత్తూరు కథల్లో చెప్పేవాడిదీ ఆ మాటే. అందుకే అక్కడ మనం యాసను చూసి నవ్వం, ఆ మనుషులతో కలిసి నవ్వుతాం. ఈ ఒక్క షరతు పాటిస్తే వ్యంగ్యానికి నేను అడ్డం రాను.

అనంతపురం పాఠకుడు:
యాస సంగతి నిజమే అక్కా. తుగ్గలి అన్నకు ఒక ప్రశ్న. రైతు ఉరేసుకున్న ఇంటి గురించి కూడా ఇట్లాగే రాస్తావా?

తుగ్గలి నుంచి:
ఆ ఇంట్లోకి నవ్వును తీసుకుపోను. పరిహారం ఇచ్చే ముందు ఆఫీసువాళ్లు నింపే విచారణ కాగితం గురించి రాస్తా. చనిపోయినాయన చేసింది కౌలు సేద్యం. పాసుపుస్తకంలో పేరు భూమి యజమానిది. ఆ ఒక్క కారణంతో ఎన్ని కుటుంబాలు పరిహారం కోసం తిరగలేదు? కాగితంలోని గడులు ఒక్కొక్కటీ వరసగా చదివించి, భార్య ఏ గడిలో ఏం చెప్పాల్సి వచ్చిందో రాస్తా. ఆమెను ఎక్కడా నవ్వులపాలు చేయను.