ఫొటోకి ఫొటో తీస్తే అది కళేనా?

ఫిల్మ్‌రోల్:
1936లో వాకర్ ఎవాన్స్ అనే ఫొటోగ్రాఫర్ అమెరికాలోని అలబామాలో, కౌలుకు పత్తి పండించే ఇంటి ఇల్లాలు ఆలీ మే బరోస్‌ని ఫొటో తీశాడు. షెరీ లెవీన్ అనే ఆర్టిస్టు ఎవాన్స్ ఫొటోల కేటలాగ్ ముందేసుకుని, అందులోని బొమ్మలకే ఫొటోలు తీసి, 'ఆఫ్టర్ వాకర్ ఎవాన్స్' పేరుతో 1981లో ఎగ్జిబిషన్ పెట్టింది. ఇప్పుడవి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి రాస్తే డిబార్ చేస్తారు. ఈవిడకేమో మ్యూజియంలో చోటా?

గోదారిగట్టు:
దొంగైతే దాచిపెడతాడు కదండీ. ఈవిడ టైటిల్లోనే ఎవాన్స్ పేరు పెట్టింది.

ఫిల్మ్‌రోల్:
చెప్పి దోచుకుంటే దోపిడీ కాకుండా పోతుందా? అలబామా ఎండలో తిరిగింది ఎవాన్స్. ఈవిడ పడ్డ కష్టమల్లా పేజీ తిప్పడమే.

చీకటిగది:
ఇంతకీ ఎవరి సొమ్ము పోయింది? ఎవాన్స్ అప్పట్లో సర్కారు ఫొటోగ్రాఫర్. ఫార్చ్యూన్ పత్రిక పని మీద వెళ్లినా, తీసిన ఫొటోలు ప్రభుత్వానికే చెందాలన్న షరతు ఉంది. ఆ ప్రయాణంలోని నెగెటివ్‌లు చాలావరకు అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఎవరైనా ప్రింటు వేసుకోవచ్చు.

ఫొటోని కాస్త దగ్గరగా చూడండి. వెనకాల రంగు వేయని చెక్క గోడ, పలకల గీతలు అడ్డంగా. ఆమె నుదుటి మీదా గీతలే. పెదవులు బిగబట్టి సూటిగా కెమెరాలోకి చూస్తోంది. రచయిత జేమ్స్ ఏజీతో కలిసి ఎవాన్స్ 1941లో తెచ్చిన పుస్తకంలో ఆమె పేరు 'ఆనీ మే గడ్జర్' అని మార్చేశారు. (ఆ కుటుంబం గుట్టు బయటపడకూడదనే మార్చారు, అది నేనూ కాదనను.) కానీ ముఖం ఎలా మారుతుంది? ముఖం ఆమెది, కీర్తి ఎవాన్స్‌ది. లెవీన్ దాన్ని మళ్లీ క్లిక్‌మనిపించాక అందరికీ 'ఈ బొమ్మ ఎవరిది' అన్న టెన్షన్ పట్టుకుంది. 1936లోనే అడగాల్సింది. ఇప్పటికైనా అడిగించినందుకు మ్యూజియం చోటిస్తే నాకేం అభ్యంతరం లేదు.

గోదారిగట్టు:
కథ అక్కడితో ఆగలేదు. 2001లో మైకేల్ మాండిబర్గ్ అనే ఆయన అవే బొమ్మల్ని స్కాన్ చేసి, 'ఆఫ్టర్ షెరీ లెవీన్' అని వెబ్‌సైట్ పెట్టాడు. డౌన్‌లోడ్ ఉచితం. పైగా అది అసలైనదే అని సర్టిఫికెట్ కూడా మనమే ప్రింట్ తీసుకోవచ్చు!

ఫిల్మ్‌రోల్:
చీకటిగది గారూ, ప్రశ్న బాగుంది. కానీ లెవీన్ పెట్టిన టైటిల్లోనూ ఆలీ మే పేరు లేదుగా, ఉన్నది ఎవాన్స్ పేరే. ఆ ప్రశ్న అడిగింది మీరు, లెవీన్ కాదు.