లుముంబా హత్యపై డాక్యుమెంటరీ: ప్రేక్షకులు ఎక్కడ తికమకపడతారు?

రీలుబాక్సు: కాంగో తొలి ప్రధాని పత్రీస్ లుముంబా హత్య మీద జోహన్ గ్రిమోన్‌ప్రెజ్ తీసిన ‘సౌండ్‌ట్రాక్ టు ఎ కూ డెటా’ (2024) ఫిల్మ్ క్లబ్బులో వేస్తున్నాం. నిడివి 150 నిమిషాలు. జాజ్, ఐక్యరాజ్యసమితి, కాంగో మూడూ ఒకదాని మీద ఒకటి పరిగెడతాయి. ప్రేక్షకులకు ముందే ఏం చెప్పి కూర్చోబెట్టాలి?

పాతపేపరు: ఊళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి పంచండి, సగం తలనొప్పి పోతుంది. లియోపోల్డ్‌విల్ అంటే ఇప్పటి కిన్షాసా, ఎలిజబెత్‌విల్ లుబుంబాషీ, స్టాన్లీవిల్ కిసంగానీ. కాంగోలు రెండున్నాయని కూడా చెప్పండి, బ్రాజవిల్ రాజధానిగా ఉన్నది వేరే దేశం. తేదీలు నాలుగు చాలు. 1960 జూన్ 30న బెల్జియం నుంచి కాంగోకు స్వాతంత్ర్యం, జులై 11న కాంగోలోని కటాంగా రాష్ట్రం విడిపోయిందని అక్కడి నేత చోంబే ప్రకటన, సెప్టెంబరు 5న ప్రధాని లుముంబాను అధ్యక్షుడు కాసావుబు తొలగించడం, 14న సైన్యాధికారి మొబుటు అధికారం చేజిక్కించుకోవడం. కటాంగాలో రాగి, కోబాల్ట్, యురేనియం ఉన్నాయన్నది చెప్పకపోతే బెల్జియం పట్టుదల ఎవరికీ అర్థం కాదు.

చిత్రగుప్త: తెర మీద ఉల్లేఖనంతో పాటు పుస్తకం పేరు, పేజీ నంబరు కూడా పడతాయి. కింద సబ్‌టైటిల్, పైన ఇది, రెండూ చదవడం కష్టం. 75 నిమిషాల దగ్గర ఆపి ఓ పది నిమిషాలు మాట్లాడుకోనివ్వండి.

నల్లమల: చంపింది సీఐఏనే కదా? విషం పెట్టారని విన్నాను.

పాతపేపరు: నల్లమల గారూ, సరిగ్గా ఇక్కడే అందరూ పొరపడతారు. విషం వెళ్లిన మాట నిజం. 1960 సెప్టెంబరులో సీఐఏ రసాయన శాస్త్రవేత్త సిడ్నీ గాట్లీబ్ దాన్ని లియోపోల్డ్‌విల్ తీసుకెళ్లి అక్కడి సీఐఏ అధికారి లారీ డెవ్లిన్‌కి ఇచ్చాడు. కానీ వాడలేదు. 1975లో గూఢచారి సంస్థలపై విచారణ జరిపిన అమెరికా సెనేట్ చర్చ్ కమిటీ ఇదంతా రికార్డుకెక్కించింది. గృహనిర్బంధంలో ఉన్న లుముంబా ఇంటి చుట్టూ లోపలి వరసలో ఐక్యరాజ్యసమితి సైనికులు, బయటి వరసలో మొబుటు సైనికులు. నవంబరు 27 రాత్రి ఆయన తప్పించుకుని స్టాన్లీవిల్ వైపు బయల్దేరాడు, డిసెంబరు 1న సంకూరు నది దగ్గర పట్టుబడ్డాడు.

ప్రాణం తీసిన నిర్ణయం వేరే ఉంది, ఆయన్ని కటాంగాకు పంపడం. 1961 జనవరి 13న, ఆయన్ని ఉంచిన థీస్‌విల్ సైనిక శిబిరంలో సైనికులు తిరగబడ్డారు, ఖైదీని వాళ్లే వదిలేస్తారేమోనని పైవాళ్లకు భయం పట్టుకుంది. చోంబే చేతికి అప్పగించాలని బెల్జియం ఆఫ్రికా వ్యవహారాల మంత్రి 16న టెలిగ్రాం కొట్టాడు. 17న లుముంబాను, ఆయన సహచరులు ఎంపోలో, ఒకీటోలను డీసీ-4 విమానంలో దారి పొడవునా కొడుతూ ఎలిజబెత్‌విల్ చేర్చారు. దిగిన ఐదు గంటల్లోపే అడవిలో చెట్టుకు నిలబెట్టి ఒకరి తర్వాత ఒకరిని కాల్చారు. తుపాకులు పట్టింది కటాంగా వాళ్లు, దగ్గరుండి నడిపించిన వాళ్లలో బెల్జియన్ అధికారులున్నారు, చోంబే, అతని మంత్రులు చూస్తూ నిలబడ్డారు. శవాలను తవ్వి తీసి, కోసి, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించారు. పారిపోతుంటే పల్లెజనం చంపారని ఫిబ్రవరి 13న కట్టుకథ చెప్పారు.

చిత్రగుప్త: ఇంకో మాట. చేతులు కట్టేసి లారీ ఎక్కించి, జుట్టు పట్టి లాగే ఫుటేజ్ చూసి ‘చంపే ముందు తీసింది’ అంటారు. అది 1960 డిసెంబరు 2 నాటిది, లియోపోల్డ్‌విల్‌కి తెచ్చినప్పటిది. హత్యకు ఆరు వారాల పైమాటే ముందు.

నల్లమల: సినిమాలో కనిపించే జాజ్ కళాకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కీ దీనికీ ఏంటి లింకు?

రీలుబాక్సు: 1960 అక్టోబరు చివర్లో లియోపోల్డ్‌విల్‌లో ఆయన కచేరీ, అమెరికా ప్రభుత్వం పంపిన పర్యటనలో భాగం. లుముంబా అదే ఊళ్లో బందీగా ఉన్నాడు. సినిమా ఈ రెంటినీ పక్కపక్కన పెడుతుంది. అంతమాత్రాన ఆర్మ్‌స్ట్రాంగ్‌కి కుట్ర తెలుసని కాదు, ఇది ముందే చెప్పేస్తాను.

పాతపేపరు: రాజేశ్వర్ దయాళ్ పేరు కూడా చెప్పండి. 1960 సెప్టెంబరు నుంచి కాంగోలో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఆయనే, మన భారతీయుడు. ఆఖర్న కేసు సంగతి ఎలాగూ అడుగుతారు. 2001లో బెల్జియం పార్లమెంటు సంఘం తమ దేశానికి ‘నైతిక బాధ్యత’ ఉందంది, 2002లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. శవాలను కరిగించిన బెల్జియన్ పోలీసు దాచుకున్న లుముంబా దంతం 2022 జూన్ 20న కుటుంబానికి చేరింది. బ్రస్సెల్స్‌లో లుముంబా పిల్లలు 2011లో పెట్టిన ఫిర్యాదు మీద, హత్య నాటికి బెల్జియం కుర్ర దౌత్యవేత్తగా ఉన్న ఎతియెన్ దవిన్యోఁను విచారించాలని 2025 జూన్‌లో ప్రాసిక్యూటర్లు కోర్టును కోరారు.