‘డొమెస్టిక్ ట్రబుల్’: డికెన్స్ 1858 ప్రకటనలోని ఈ మాటకి తెలుగు ఏది?

సభ్యులందరికీ నమస్కారం. ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ గురించి ఒక వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. సాయం చేయండి.

1858 జూన్ 7న లండన్ ‘టైమ్స్’లో డికెన్స్ ఒక ప్రకటన ఇచ్చాడు. 12వ తేదీన తన సొంత వారపత్రిక ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ మొదటి పేజీలో, ‘పర్సనల్’ అన్న శీర్షిక కింద, దాన్నే వేసుకున్నాడు. 22 ఏళ్ళ కాపురం, పదిమంది పిల్లలు. అంతకు ముందు నెలలోనే భార్య క్యాథరిన్‌తో విడిపోయాడు. ఎలెన్ టెర్నన్ అనే చిన్న వయసు నటితో సంబంధమని కొందరు, ఇంట్లోనే ఉంటున్న మరదలు జార్జినాతో అని కొందరు చెవులు కొరుక్కుంటున్నారు. ఆ పుకార్లకి జవాబు ఈ ప్రకటన. అసలు విషయం ఎత్తుకునే చోట ‘సమ్ డొమెస్టిక్ ట్రబుల్ ఆఫ్ మైన్’ అంటాడు. ‘ఇంటి గొడవ’ అని రాస్తే వీధిలోకి వినబడే కేకలు గుర్తొస్తున్నాయి. ‘కుటుంబ సమస్య’ అంటే బ్యాంకు అప్పు కూడా కావచ్చు. ఏం రాయను?

జవాబు: మనకి తయారుగా ఉన్న మాట ఉంది కదండీ, గృహచ్ఛిద్రం. ‘ఆయుర్విత్తం గృహచ్ఛిద్రం’ అని మొదలయ్యే శ్లోకం చాలామందికి నోటికి వచ్చు. దాచుకోవలసిన తొమ్మిదింటిలో వయసు, డబ్బు తర్వాత చెప్పింది దీన్నే. ఆ కాలపు ఇంగ్లీషుకి సరిపడా బరువుంది.

మాస్టారూ, బరువు సరిపోయింది, నిజమే. నాకున్న అభ్యంతరం ‘ఛిద్రం’ మీద. ఆ మాట వాడితే ఇంటికి చిల్లు పడిందని ఒప్పుకున్నట్టే. డికెన్స్ ఎక్కడా ఒప్పుకోడు. కష్టం ఉందంటాడు, చాలాకాలంగా ఉందంటాడు, ఎవరి వల్ల వచ్చిందో చెప్పడు. పైగా అది పవిత్రమైన సొంత విషయం, దాన్ని గౌరవించాలి అని అదే వాక్యంలో అంటాడు. మూల రచయిత మసకగా ఉంచినదాన్ని అనువాదకుడు తేటపరిస్తే అది ఆయన వాక్యం కాదు.

జవాబు: ఇంకో జాగ్రత్త మేడమ్. విడిపోయారు అనడానికి ‘వేరుకాపురం’ మాత్రం వాడకండి. మొన్న ఒక వ్యాసంలో చూశాను. మనకి వేరుకాపురం అంటే మొగుడూ పెళ్ళాం కలిసి అత్తమామల దగ్గర్నుంచి బయటికి వెళ్ళడం. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా తలకిందులు.

బాగా గుర్తుచేశారు తమ్ముడూ. అదే వాక్యంలో ‘బ్రాట్ టు యాన్ అరేంజ్‌మెంట్’ అన్న చోట మొదట నేను ‘ఏర్పాటు చేయబడింది’ అని రాసి కొట్టేశాను. ‘ఒక కొలిక్కి వచ్చింది’ అని పెట్టాను. ఎవరు తెచ్చారో చెప్పనక్కర్లేదు, దానంతటదే వచ్చినట్టు ఉంటుంది. డికెన్స్ కోరుకున్నదీ అదే. ఆ కొలిక్కి రావడం అంటే ఏమిటో కూడా చూడండి: క్యాథరిన్‌కి ఏడాదికి 600 పౌన్లు, విడిగా ఒక ఇల్లు. పెద్ద కొడుకు ఆమెతో వెళ్ళాడు, జార్జినా డికెన్స్ ఇంట్లోనే ఉండిపోయింది.

జవాబు: పత్రికలు ఏమన్నాయి? పుకారు తగ్గిందా?

ఎక్కడ తగ్గింది అన్నగారూ! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. లండన్ సాహిత్య బృందాల్లో తిరుగుతున్న మాట, ఆయన ప్రకటనతోనే ఊరూరికీ చేరింది. అప్పట్లో ఒక పత్రికలో వచ్చింది ఇంకో పత్రిక కత్తిరించి వేసుకోవడం మామూలే. 1855లో పత్రికల మీద స్టాంపు పన్ను తీసేశాక చౌక పత్రికలు కూడా పెరిగాయి. చాలా చోట్ల ప్రకటనను పూర్తిగా అచ్చేసి, కింద తమ వ్యాఖ్య జోడించారు. ‘పంచ్’ హాస్యపత్రిక మాత్రం వేయలేదు. దాని యజమానులు బ్రాడ్‌బరీ, ఎవాన్స్ డికెన్స్‌కి ప్రచురణకర్తలు కూడా. ఆయన ఆ కోపంతో వాళ్ళతో తెగతెంపులు చేసుకుని, మరుసటి ఏడాది ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ పెట్టాడు.

అదే 1858 ఆగస్టులో ఇంకో దెబ్బ. తన రచనలు చదివి వినిపించే సభల మేనేజరు ఆర్థర్ స్మిత్‌కి ఇచ్చిన ఒక ఉత్తరం ‘న్యూయార్క్ ట్రిబ్యూన్’లో వచ్చేసింది, అక్కడి నుంచి ఇంగ్లండు పత్రికలకి పాకింది. అందులో క్యాథరిన్‌కి అప్పుడప్పుడు మానసిక రుగ్మత వస్తుంటుందని రాసి ఉంది. జూన్ ప్రకటనలో ఆమె పేరే లేదు. పుకార్లన్నీ అబద్ధమని ‘నా పేరునా, నా భార్య పేరునా’ ప్రమాణం చేస్తున్నాను అంటాడు, అంతే. ఆమె తరఫున ఆయనే మాట్లాడాడు. అది చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

జవాబు: అయితే ‘నా ఇంటి కలత ఒకటి’ అనండి. కలత అంటే నీళ్ళు కలకబారినట్టు. అడుగున ఏముందో కనిపించదు, ఎవరు కలచారో తెలియదు.

ఇదే! మూడు రోజులుగా వెతుకుతున్న మాట ఇదే. చాలా థ్యాంక్స్ అక్కా. ‘చాలాకాలంగా ఉన్న నా ఇంటి కలత ఒకటి ఈమధ్య ఒక కొలిక్కి వచ్చింది.’ ఇలా ఖాయం చేస్తున్నాను.

ఇంకొక్కటి అడిగి ముగిస్తాను. క్యాథరిన్ 1879లో చనిపోయింది. పోయేముందు డికెన్స్ తనకి రాసిన ఉత్తరాలన్నీ కూతురు కేట్ చేతికిచ్చి, బ్రిటిష్ మ్యూజియంకి ఇవ్వమంది. ఆయన ఒకప్పుడు తనని ప్రేమించాడని లోకానికి తెలియాలి అంది. ఈ మాటని ఆమె నోటితో తెలుగులో చెప్పించాలి. ‘ప్రేమించాడు’ అనాలా, ‘ప్రేమించారు’ అనాలా? ఇంగ్లీషులో ఈ చిక్కే లేదు.

జవాబు: ‘ప్రేమించారు’ అనండి మేడమ్. మా అమ్మమ్మ, తాతయ్య మీద ఎంత కోపమున్నా, ‘ఆయన నన్ను ఎప్పుడూ పట్టించుకోలేదు’ అని ‘రు’ చేర్చకుండా అనేది కాదు.

మీ ఉదాహరణలో ‘లేదు’ ఉంది కాబట్టి ‘రు’ రాలేదు గానీ, మీరు చెప్పింది అర్థమైంది. ‘ఆయన’ అన్నారు చూడండి, అది చాలు. ‘ఒకప్పుడు ఆయన నన్ను ప్రేమించారని లోకానికి తెలియాలి.’ ఈ రాత్రికి ఇలాగే పంపిస్తున్నాను.